పిల్లల వేగంతోనే లెక్కలు: ప్రాథమిక తరగతుల తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

తరగతిలో పిల్లలందరికీ తీసివేతలు ఒకే రోజు మొదలవుతాయి, ఒకే రోజు అయిపోతాయి. అర్థమైనవాళ్లకు ఇబ్బంది లేదు. సగమే అర్థమైనవాళ్లు ఆ సగంతోనే గుణకారాలకు వెళ్తారు, అక్కడా సగమే పట్టుకుని భాగాహారాలకు వెళ్తారు. నాలుగో తరగతిలో "మా అమ్మాయికి భాగాహారాలు రావట్లేదు" అని తల్లి టెన్షన్ పడే సమయానికి అసలు లోటు రెండో తరగతి తీసివేతల్లోనో, మూడో తరగతి ఎక్కాల్లోనో ఉంటుంది. పైన భాగాహారాన్ని ఎంత రుద్దినా కింద ఉన్న ఆ లోటు పూడదు.

ఇంట్లో చేయించే లెక్కలకు సిలబస్ తొందర లేదు. వెనక్కి వెళ్లొచ్చు, ఒకేచోట రెండు వారాలు ఉండిపోవచ్చు, బాగా వచ్చినదాన్ని ఒక్కరోజులో దాటేయొచ్చు. అలాగని పిల్లల వేగం అంటే వాళ్ల మానాన వాళ్లను వదిలేయడం కాదు. ఏ లెక్క తర్వాత ఏ లెక్క అనేది పెద్దవాళ్లే చూసుకోవాలి. ఎప్పుడు కదలాలన్నది మాత్రం పిల్లలు చేసే తీరును బట్టి తేల్చుకోవాలి. ఒకటి నుంచి అయిదో తరగతి దాకా ఆ పని ఎలా నడపాలో వరుసగా చెబుతాను.

1. పిల్లలు ఎక్కడున్నారో తేల్చుకోండి

దీనికి ఒక సాయంత్రం చాలు. ఇప్పుడు చదువుతున్న తరగతి కంటే రెండు తరగతులు కిందనుంచి మొదలుపెట్టి, ఒక్కో అంశంలో నాలుగైదు లెక్కలు కాగితం మీద రాయండి. నాలుగో తరగతి పిల్లలకైతే పది లోపు కూడికలు, పది దాటే కూడికలు (8 + 5 లాంటివి), రెండంకెల తీసివేతలు, స్థాన విలువ, ఎక్కాలు, చిన్న భాగాహారాలు, ఒకటి రెండు రాత లెక్కలు (చిన్న కథలా మాటల్లో ఇచ్చే లెక్కలు) ఉండాలి. పరీక్ష అనే మాట ఎత్తకండి. "నీకు ఏవి ఈజీగా వస్తాయో చూద్దాం" అంటే సరిపోతుంది.

పిల్లలు చేస్తుంటే పక్కన కూర్చుని, ఒక్కో లెక్కకు మీ కాగితం మీద మూడు గుర్తుల్లో ఒకటి పెట్టుకోండి. చూడగానే రాస్తే ఒక గుర్తు, ఆగి ఆలోచించి రాస్తే ఇంకొకటి, తడబడినా తప్పు రాసినా మూడోది. మార్కుల కంటే ఈ గుర్తులే పనికొస్తాయి. పదికి పది తెచ్చుకున్న పాప ప్రతి కూడికకూ బల్ల కింద వేళ్లు మడుస్తుంటే, ఆమెకు కూడికలు తెలుసు గానీ ఇంకా పట్టుబడలేదని అర్థం. వేళ్లు వాడటం తప్పు కాదు. ఆరేళ్ల వయసులో అది సహజం, అవసరం కూడా. కానీ పెద్ద గుణకారం మధ్యలో 8 + 5 కోసం వేళ్లు లెక్కపెట్టాల్సి వస్తే, అది తేలేసరికి లెక్క ఎక్కడ ఆపారో మరిచిపోతారు.

తప్పుల్ని మాత్రం చాలా దగ్గరగా చూడాలి. పిల్లవాడు 52 − 27 = 35 అని రాశాడనుకోండి. వెంటనే దిద్దకుండా "ఇది ఎలా చేశావో చెప్పు నాన్నా" అని అడగండి.

"ఏడులోంచి రెండు పోతే అయిదు, అయిదులోంచి రెండు పోతే మూడు. ముప్పై అయిదు."

ఇది పరధ్యానంతో చేసిన తప్పు కాదు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయాలి అని వాడే ఒక నియమం పెట్టుకున్నాడు, దాన్ని ఎక్కడా తప్పకుండా పాటిస్తున్నాడు. 83 − 46 ఇస్తే 43 అంటాడు, 71 − 38 ఇస్తే 47 అంటాడు. పిల్లల తీసివేతల తప్పుల వెనక ఇలాంటి ఒక పద్ధతి ఉంటుందని జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే పరిశోధకులు 1978లోనే వివరంగా చూపించారు. "జాగ్రత్తగా చెయ్" అని ఎన్నిసార్లు చెప్పినా ఈ తప్పు పోదు, ఎందుకంటే వాడు జాగ్రత్తగానే చేస్తున్నాడు.

దీనికి పుల్లలు కావాలి. పదేసి పుల్లల్ని రబ్బరు బ్యాండుతో కట్టి అయిదు కట్టలు, విడిగా రెండు పుల్లలు ముందు పెట్టండి. "ఇందులోంచి నాకు ఇరవై ఏడు ఇవ్వు. ముందు ఆ ఏడూ ఇచ్చేయ్" అనండి. విడిగా ఉన్నవి రెండే. కాసేపు అటూ ఇటూ చూసి ఒక కట్ట విప్పుతాడు. మీరు చెప్పకండి, విప్పనివ్వండి. ఇప్పుడు నాలుగు కట్టలు, పన్నెండు విడి పుల్లలు. ఏడు ఇచ్చేస్తే అయిదు మిగిలాయి, రెండు కట్టలు ఇచ్చేస్తే రెండు మిగిలాయి. మొత్తం 25. పక్కనుంచి అప్పు తెచ్చుకోవడం అని బడిలో విన్నదానికి అర్థం, కట్ట విప్పుతున్నప్పుడు వాడి చేతికే తెలుస్తుంది.

మూడు నాలుగు రోజులు పుల్లలతో చేశాక, కట్టలకు నిలువు గీతలు, విడి పుల్లలకు చుక్కలు గీసి కాగితం మీద చేయించండి. వట్టి అంకెలు ఆ తర్వాతే. ముందు వస్తువు, తర్వాత బొమ్మ, చివర అంకె అనే ఈ వరుసకు మూలం 1960ల్లో జెరోమ్ బ్రూనర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన ఆలోచన. సింగపూర్ బడుల్లో 1980ల నుంచి లెక్కలు ఈ వరుసలోనే నేర్పుతున్నారు. కూడికైనా భిన్నమైనా, కొత్త అంశం మొదలుపెట్టిన ప్రతిసారీ మీరూ ఇలాగే చేయండి. తొందరలో మొదటి రెండూ ఎగ్గొట్టి నేరుగా అంకెల్లోకి దిగడం వల్లే చాలామంది పిల్లలకు లెక్కలంటే అర్థం లేని నియమాల చిట్టాగా మిగిలిపోతాయి.

2. మొదలు కాస్త కిందనుంచే పెట్టండి

మీ గుర్తుల కాగితంలో తడబాటు ఎక్కడ మొదలైందో చూసుకుని, దానికి ఒకటి రెండు మెట్ల కిందనుంచి మొదలుపెట్టండి. మొదటి వారం అంతా తేలిగ్గా వచ్చేసే లెక్కలే ఉండాలి. ఇది వృథా అనిపించవచ్చు, కానీ కాదు. లెక్కల పుస్తకం తీయగానే ముఖం ముడుచుకునే పిల్లలకు వరసగా ఏడు రోజులు అన్నీ రైటే రావడం చాలా పెద్ద విషయం.

జపాన్‌లోని ఒసాకాలో హైస్కూల్లో లెక్కలు చెప్పే టోరు కుమోన్ 1954లో రెండో తరగతి చదువుతున్న తన కొడుకు కోసం రోజుకో కాగితం చొప్పున లెక్కలు రాసివ్వడం మొదలుపెట్టారు. అదే తర్వాత కుమోన్ పద్ధతిగా అనేక దేశాలకు చేరింది. ఆ పద్ధతిలోనూ తరగతితో సంబంధం లేకుండా తేలిగ్గా చేయగలిగిన చోటునుంచే మొదలుపెడతారు. ఆ ఒక్క విషయం ఏ ఇంట్లోనైనా ఖర్చు లేకుండా పాటించవచ్చు.

నాలుగో తరగతి పాపకు రెండో తరగతి లెక్కలు ఇస్తే చిన్నబుచ్చుకోవచ్చు. అందుకే షీట్ల మీద తరగతి పేరు రాయకండి. ఎ, బి, సి అనో, రంగుల పేర్లతోనో గుర్తులు పెట్టండి.

3. మెట్ల వరుస ఒకటి రాసుకోండి

ఏది రాకపోతే ఏది ఆగిపోతుందో తెలిస్తే సగం పని అయినట్టే. స్థూలంగా వరుస ఇది. వస్తువుల్ని లెక్కపెట్టడం, పదిని రెండు భాగాలు చేయడం (7కి ఎంత కలిపితే 10?), పది దాటే కూడికలు తీసివేతలు, స్థాన విలువ, రెండు మూడంకెల కూడికలు తీసివేతలు, గుణకారం అంటే సమాన గుంపులన్న భావన, ఎక్కాలు, పంచడం, శేషం వచ్చే భాగాహారం, పెద్ద గుణకార భాగాహారాలు, భిన్నాలు, దశాంశాలు. కొలతలు, గడియారం, ఆకారాలు వీటి పక్కనే నడుస్తాయి. వాటికి ఇంతటి కచ్చితమైన వరుస అక్కర్లేదు.

ఇందులో పదిని రెండు భాగాలు చేయడాన్ని చాలామంది చిన్న విషయంగా దాటేస్తారు. నా ఉద్దేశంలో మొదటి రెండు తరగతుల్లో అంతకు మించిన అంశం లేదు. 8కి 2 కలిపితే పది అని, 5 అంటే 2, 3 అని చప్పున తోచిన పిల్లలకు 8 + 5 కంఠస్థం చేయాల్సిన పనిలేదు. ఎనిమిదిని పది చేసి మిగిలిన మూడు కలుపుతారు. 28 + 5, 98 + 5 కూడా అలాగే వచ్చేస్తాయి. పది గళ్లు గీసి కొన్నింట్లో గుండీలు పెట్టి "ఇంకా ఎన్ని గళ్లు ఖాళీ?" అని అడిగే ఆట రోజూ రెండు నిమిషాలు ఆడితే చాలు.

సమానం గుర్తు సంగతి కూడా ఇక్కడే చూసుకోండి. 8 + 4 = □ + 5 ఇస్తే గడిలో 12 రాసే పిల్లలు చాలామంది. వాళ్ల దృష్టిలో ఆ గుర్తుకు అర్థం, ఇక్కడ జవాబు రాయమని. రెండు పక్కలా ఒకే విలువ ఉండాలని అప్పుడే తెలిస్తే పెద్ద తరగతుల్లో బీజగణితం అంత భయపెట్టదు. అప్పుడప్పుడూ 12 = 7 + □ అని జవాబును ముందు రాసి ఇస్తూ ఉండండి.

4. రోజూ ఒక్క షీటు

ఆరేడేళ్ల పిల్లలకు పది, పదిహేను నిమిషాలు. తొమ్మిది, పదేళ్ల వాళ్లకు ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టడం కంటే రోజూ పావుగంట మేలు. నేర్చుకున్నది మళ్లీ తిరగేయకపోతే ఎంత త్వరగా జారిపోతుందో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే తన మీద తానే ప్రయోగం చేసుకుని కొలిచి చూపించారు. కొన్ని రోజుల ఎడం ఇచ్చి మళ్లీ మళ్లీ చూసుకుంటేనే అది నిలుస్తుంది.

షీటు తయారీలో కొంచెం నేర్పు ఉంది. పైన ఒక లెక్క పూర్తిగా చేసి చూపించండి. పిల్లలు దాన్ని చూసి తమంతట తాము కింద లెక్కలు చేయగలగాలి. మీరు విడమరిచి చెబితే తప్ప కదలకపోతే ఆ షీటు వాళ్లకు ఇంకా పెద్దదన్నమాట. లెక్కకూ లెక్కకూ ఒక్క చిన్న మార్పే ఉండాలి. 8 + 5 తర్వాత 8 + 6, ఆ తర్వాత 9 + 6, 19 + 6, 29 + 6. అలా వెళ్తుంటే మధ్యలో ఎక్కడో పిల్లలే పోలిక పసిగడతారు.

మొత్తం పదిహేను లెక్కల్లో ఎనిమిది ఈ వారం అంశానివి, అయిదు పాతవి, ఒకటి రాత లెక్క, ఒకటి కాస్త ఆలోచించేది ఉంటే బాగుంటుంది. పాతవాటిని కలిపేసి ఇవ్వండి. పేజీ అంతా కూడికలే ఉంటే పిల్లలు గుర్తు కూడా చూడరు, చేయి అలా కలుపుకుంటూ పోతుంది. కూడిక పక్కన తీసివేత, దాని పక్కన ఎక్కం ఉంటే ప్రతిచోటా ఇక్కడ ఏం చేయాలి అని ఆగాల్సి వస్తుంది. ఆ రోజు కాస్త నెమ్మదిగా సాగుతుంది, తప్పులు కూడా పెరగొచ్చు. నెల తర్వాత గుర్తుండేది మాత్రం ఇలా చేసినవే.

5. ఎక్కాలు

ఎక్కాల్ని రాగంతో వల్లించడం చెడ్డ పని కాదు. దాంతోనే ఆపేస్తే మాత్రం ఏడు ఎనిమిదులు ఎంత అని అడిగితే ఏడు ఒకట్ల దగ్గరనుంచి మొదలుపెట్టే అలవాటు ఉండిపోతుంది. అసలు కంఠస్థం చేయాల్సింది పిల్లలు భయపడేంత లేదని వాళ్ల కళ్లముందే చూపించండి.

పది నిలువు, పది అడ్డం గళ్లతో పట్టిక గీయండి. మొత్తం 100 గళ్లు. 3 × 7 అన్నా 7 × 3 అన్నా ఒకటే అని చుక్కల వరుసల్ని తిప్పి చూపించండి. జంటలుగా వచ్చేవాటిలో ఒక్కోటి కొట్టేస్తే 55 మిగులుతాయి. ఒకటో ఎక్కం, రెండో ఎక్కం, అయిదో ఎక్కం, పదో ఎక్కం పిల్లలకు ఎలాగూ వచ్చేస్తాయి. అవీ కొట్టేయండి. ఇప్పుడు 21. తొమ్మిదో ఎక్కానికి దారి ఉంది. 9 × 6 అంటే 60లోంచి ఒక ఆరు తీసేయడం, 54. దాన్ని కూడా పక్కన పెడితే 15. అందులో 3 × 3, 4 × 4, 6 × 6, 7 × 7, 8 × 8 పిల్లల నోటికి తొందరగా పడతాయి. ఇక మిగిలినవి పదే పది:

3 × 4, 3 × 6, 3 × 7, 3 × 8, 4 × 6, 4 × 7, 4 × 8, 6 × 7, 6 × 8, 7 × 8.

పిల్లలే పెన్సిల్‌తో కొట్టేసుకుంటూ వచ్చి ఈ పదింటి దగ్గర ఆగితే, ఎక్కాలంటే ఉన్న బెదురు చాలావరకు పోతుంది. వీటిలోనూ నాలుగో ఎక్కం రెండో ఎక్కానికి రెట్టింపు. 7 రెండ్లు 14 కాబట్టి 7 నాలుగులు 28. దాన్ని ఇంకోసారి రెట్టిస్తే 7 ఎనిమిదులు 56.

మిగిలినవాటికి కార్డులు చేయండి. ముందువైపు 6 × 7, వెనక 42. మూడు డబ్బాలు పెట్టండి. మొదటి డబ్బా రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికోసారి తీయాలి. చప్పున చెప్పిన కార్డు తర్వాతి డబ్బాలోకి వెళ్తుంది. తడబడితే మళ్లీ మొదటి డబ్బాలోకి వస్తుంది. జర్మన్ పాత్రికేయుడు సెబాస్టియన్ లైట్నర్ 1972లో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. కార్డులు తిప్పడం, డబ్బాలు మార్చడం అంతా పిల్లలే చేసుకుంటారు కాబట్టి మీరు పక్కన లేకపోయినా ఆగదు. ప్రతి కార్డు మీద 42 ÷ 6 కూడా రాయండి, భాగాహారం దానంతట అదే నేర్చుకున్నట్టు అవుతుంది.

6. దిద్దుకోవడం పిల్లల పనే

జవాబుల కాగితం వెనక పెట్టి, షీటు అయ్యాక వాళ్లనే చూసుకోమనండి. రెండో తరగతి నుంచి ఇది బాగా కుదురుతుంది. తప్పు లెక్కను రబ్బరుతో చెరపనివ్వకండి. పక్కన మళ్లీ చేసి, ఎక్కడ తప్పిందో ఒక్క మాటలో రాసుకోమనండి: "అప్పు మరిచా", "గుర్తు చూడలేదు". ఈ మాటల్ని శనివారం తిరగేస్తే వచ్చే వారం షీటులో ఏముండాలో మీకే తెలిసిపోతుంది. జవాబు చూసి రాసేస్తారేమో అనే అనుమానం చాలామందికి వస్తుంది. తప్పులకు తిట్లు పడని ఇంట్లో పిల్లలకు ఆ అవసరం రాదు.

ఎలా చేశావు అనే ప్రశ్న తప్పు వచ్చినప్పుడే అడిగితే, ఆ ప్రశ్న వినగానే తప్పని కనిపెట్టేస్తారు. రైటు వచ్చినవాటికీ అడుగుతుండండి. 49 + 36 ను ఒక పాప 50 + 35 చేసి 85 చెబితే, ఆ మాట ఇంట్లో అందరికీ వినిపించేలా మెచ్చుకోండి.

7. ఎప్పుడు ముందుకు, ఎప్పుడు వెనక్కి

నేను చెప్పే కొలత ఇది. వరసగా రెండు రోజులు దాదాపు అన్నీ సరిగ్గా రావాలి, తడబాటు కనిపించకూడదు, వారం తర్వాత మధ్యలో ఇచ్చినా రావాలి. మూడూ ఉంటే కదలండి. సరిగ్గా వస్తున్నా ప్రతి లెక్కకూ ఆపసోపాలు పడుతుంటే ఇంకో నాలుగు రోజులు అక్కడే ఉండండి, కాకపోతే లెక్కల రూపం మార్చండి. మూడు రోజులుగా సగం తప్పులొస్తుంటే అదే షీటు మళ్లీ మళ్లీ చేయించకండి. ఒక మెట్టు కిందికి వెళ్లి పుల్లలో, చుక్కల బొమ్మలో బయటికి తీయండి. ఈ లోపు బడిలో పాఠం ముందుకు వెళ్తూనే ఉంటుంది. హోంవర్క్‌కు వేరే సమయం పెట్టి, దానికి కావాల్సినంత సాయం చేయండి. ఇంటి షీటును మాత్రం దాని దారిన అది నడవనివ్వండి.

టైమర్ గురించి ఒక మాట. కచ్చితత్వం రాకముందు గడియారం పెట్టకండి. బాగా వచ్చిన ఎక్కాలకు, పిల్లలే సరదాపడితే, నిన్నటి తమ సమయంతో పోల్చుకోవచ్చు. అన్నయ్యతోనో, పక్కింటి పిల్లలతోనో పోటీ వద్దు.

8. రాత లెక్కలు

"మొత్తం" అంటే కూడిక, "మిగిలినవి" అంటే తీసివేత అని నేర్పకండి. అలా నేర్చుకున్న పిల్లలకు ఈ లెక్క ఇచ్చి చూడండి: అక్క దగ్గర 15 పెన్సిళ్లున్నాయి. తమ్ముడి దగ్గరున్న వాటికంటే అవి 6 ఎక్కువ. తమ్ముడి దగ్గర ఎన్ని? "ఎక్కువ" అనే మాట చూసి 21 రాసేస్తారు. మాటను వేటాడటం మాన్పించి బొమ్మ గీయించండి. అక్కకు ఒక పొడుగు పట్టీ, తమ్ముడికి దానికంటే పొట్టి పట్టీ, తేడా ఉన్నచోట 6. పట్టీలు గీయగానే తమ్ముడివి తక్కువని కంటికి కనిపిస్తుంది, 9 అని చెప్పేస్తారు.

శేషం వచ్చే లెక్కల్లో జవాబు రాశాక కథలోకి తిరిగి వెళ్లమనండి. 50 మంది పిల్లలు, ఒక్కో బండిలో 8 మంది పడతారు. 50ని 8తో భాగిస్తే 6, శేషం 2. ఎన్ని బండ్లు కావాలి? ఆ ఇద్దరినీ వదిలేసి వెళ్లలేం కదా, 7 కావాలి. వారానికో రాత లెక్క పిల్లలే తయారుచేసి మీకు ఇవ్వాలనే నియమం పెట్టుకోండి. 24 ÷ 6కి సొంతంగా కథ అల్లగలిగితే భాగాహారం అర్థమైనట్టే.

9. యాప్‌లు, వీడియోలు

ఖాన్ అకాడమీ లాంటి ఉచిత వేదికల్లో పాఠాన్ని ఎన్నిసార్లైనా వెనక్కి తిప్పి చూడొచ్చు. సొంత వేగంతో నేర్చుకునే పిల్లలకు అది మంచి సాయం. కానీ నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కే యాప్‌లో పిల్లలు ఆలోచించారో ఊహించారో మీకు తెలియదు. పక్కన నోట్‌బుక్ ఉండాలి, లెక్క అందులో చేశాకే నొక్కాలి. కాయిన్లు, స్టార్ల మీద ధ్యాస ఎక్కువైతే ఆ యాప్ కొన్నాళ్లు పక్కన పెట్టేయండి.

10. ముందున్న పిల్లలకు, ఆగిపోయిన పిల్లలకు

తరగతి కంటే ముందున్న పిల్లల్ని ఇంకా పై తరగతి పుస్తకంలోకి తోయాలన్న ఆత్రం తల్లిదండ్రులకు సహజం. అంతకంటే అదే మెట్టు మీద లోతుగా వెళ్లనివ్వడం మంచిది. 24 చదరపు ముక్కలతో ఎన్ని రకాల దీర్ఘచతురస్రాలు చేయొచ్చు? నాలుగు దొరుకుతాయి: 1 × 24, 2 × 12, 3 × 8, 4 × 6. మరి 23తో? ఒక్కటే. ఎందుకలా? ప్రధాన సంఖ్య అనే మాట వినకముందే పిల్లలు దాన్ని చేతులతో కనుక్కున్నట్టవుతుంది. ఇలాంటి ప్రశ్న ఒకటి ఇచ్చి వారమంతా వదిలేయండి. జవాబు మీరు చెప్పకండి.

నెలల తరబడి ఓపిగ్గా చేయించినా కదలిక లేకపోతే బద్ధకమనే ముద్ర వేయకండి. ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. ఎనిమిదేళ్లు వచ్చినా 7, 9లలో ఏది పెద్దదో ఆగి ఆలోచించాల్సి రావడం, నిన్న వచ్చినది ఇవాళ పూర్తిగా చెరిగిపోవడం, కొద్దిపాటి వస్తువుల్ని కూడా లెక్కపెట్టడంలో తడబడటం చాలాకాలం కొనసాగుతుంటే డిస్కాల్క్యులియా అనే అభ్యసన సమస్య కావచ్చు. తెలివికి దానితో సంబంధం లేదు. పిల్లల మనస్తత్వ నిపుణులకో, ప్రత్యేక విద్యలో శిక్షణ ఉన్న టీచర్లకో చూపించండి. ఎంత చిన్న వయసులో చూపిస్తే అంత మంచిది.

జ్వరాలొస్తాయి, ఊళ్లకు వెళ్తారు, షీట్లు ఆగిపోతాయి. అలా వదిలేసిన రోజుల్ని ఒక్కసారిగా పూడ్చాలని రెట్టింపు షీట్లు ఇవ్వకండి. ఆపిన చోటుకు రెండు మెట్లు కిందనుంచి, మూడు నాలుగు రోజులు తేలిక లెక్కలతో మళ్లీ మొదలుపెట్టండి.